రష్యాతో బంధం: పొగాకు ఎందుకు పడిపోయింది, మందులు ఎందుకు నిలబడ్డాయి

అమ్మా, మీరు అడిగింది ఇది: "భారత్, రష్యా లాంటి ఏ పోలికా లేని రెండు దేశాల మధ్య దౌత్య, ఆర్థిక సంబంధాలు బలపడాలంటే నిజంగా ఏం కావాలి? ఈ ఒప్పందాల వల్ల విజయవాడ, గుంటూరు వాళ్లకు ఒరిగేది ఏమైనా ఉందా, లేక ఇదంతా ఢిల్లీ వ్యవహారమేనా? ఎంబీఏ ముగించి ఎగుమతుల్లోకి రావాలనుకుంటున్న నేను ఎక్కడ మొదలుపెట్టాలి?" మూడింటికీ ఇక్కడే సమాధానం రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను గుంటూరులో ఒక పొగాకు ఎగుమతి సంస్థలో, ఓడ పత్రాలు తయారుచేసే విభాగంలో ఉద్యోగం మొదలుపెట్టాను. సోవియట్ యూనియన్ మన పొగాకు కొన్న రోజులూ, ఆ దేశమే పటంలో లేకుండా పోయిన రోజులూ ఆ బల్ల దగ్గర కూర్చునే చూశాను. తర్వాత మిర్చి, పసుపు ఎగుమతుల్లో పనిచేశాను. ఇప్పుడు కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లకు కాగితాల విషయంలో చేతనైన సాయం చేస్తున్నాను. అందుకే మీ ప్రశ్నను పుస్తకంలోంచి కాకుండా గుంటూరు గోదాముల వైపు నుంచి చూస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండు దేశాల బంధం బలాన్ని నాయకుల కౌగిలింతలు చూసి అంచనా వేయకూడదు. ఒక ప్రభుత్వం పడిపోయిన మర్నాడు కూడా ఎంతమంది తమ సొంత అవసరం కొద్దీ అవతలి దేశంతో లావాదేవీ కొనసాగిస్తారు అన్నదే అసలు లెక్క. దీనికి మన ప్రాంతం నుంచే రెండు ఉదాహరణలున్నాయి. ఒకటి కూలిపోయిన పొగాకు వ్యాపారం, రెండోది నిలబడిన మందుల వ్యాపారం.

రెండు దేశాల మధ్య తేడా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రష్యా విస్తీర్ణం సుమారు 1.71 కోట్ల చదరపు కిలోమీటర్లు, మనది 32.87 లక్షలు. జనాభాలో మనం వాళ్లకు దాదాపు పది రెట్లు. భాష, మతం, తిండి, వాతావరణం దేనిలోనూ పొత్తు లేదు. అయితే వ్యాపారంలో తేడా అడ్డంకి కాదు, అసలు వ్యాపారం పుట్టేదే అక్కడ. మనకు పొటాష్ గనులు లేవు. మిర్చి రైతు వేసే ప్రతి పొటాష్ బస్తా విదేశం నుంచి రావలసిందే, ఇచ్చే దేశాల్లో రష్యా ముఖ్యమైనది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత మన వంటింటి పొద్దుతిరుగుడు నూనెలో పెద్ద వాటా రష్యా నుంచే వస్తోంది. మన రొయ్యలు, కాఫీ, మందులు వాళ్లకు కావాలి. కాబట్టి "ఢిల్లీ వ్యవహారమేనా" అన్న మీ సందేహానికి పొలంలోనూ పొయ్యి మీదా సమాధానం ఉంది.

ఇక చరిత్రలోకి వెళ్దాం. మనకు స్వాతంత్ర్యం రాకముందే, 1947 ఏప్రిల్ 13న, సోవియట్ యూనియన్‌తో దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. 1953 డిసెంబరులో మొదటి వాణిజ్య ఒప్పందం కుదిరింది. 1955లో భిలాయ్ ఉక్కు కర్మాగారం, 1971లో మైత్రీ ఒప్పందం, 1979లో మన విశాఖ ఉక్కుకు సహకార ఒప్పందం. ఇవన్నీ పరీక్షల పుస్తకాల్లో దొరుకుతాయి. వాటిలో సరిగ్గా వివరించని విషయం ఒకటుంది, అది రూపాయి చెల్లింపుల పద్ధతి. ఈ మొత్తం కథకు అదే తాళంచెవి కాబట్టి శ్రద్ధగా చదవండి.

సోవియట్ యూనియన్ మనకు యంత్రాలు, చమురు, ఆయుధాలు ఇచ్చేది. మన దగ్గర డాలర్లకు కటకట. అందుకని వాటి ధర రూపాయల్లోనే వాళ్ల ఖాతాలో జమ అయ్యేది. ఆ రూపాయలు మరే దేశంలోనూ చెల్లవు. కనుక వాళ్లు వాటితో ఇక్కడే ఏదో ఒకటి కొనుక్కోవాలి. టీ, జీడిపప్పు, తోలు సరుకులు, జనపనార, మన పొగాకు అలా కొన్నవే. అంటే గుంటూరు పొగాకుకు మాస్కోలో గిరాకీ పుట్టింది అక్కడివాళ్ల ఇష్టాన్ని బట్టి మాత్రమే కాదు, మన బ్యాంకుల్లో వాళ్ల రూపాయలు పేరుకున్నాయి కాబట్టి. ఆ పద్ధతిలో ఒక గొప్ప న్యాయం ఉంది. అమ్మేవాడు కొనక తప్పదు, కొనేవాడు అమ్మక తప్పదు. రెండు పేద దేశాలో, డాలరు లేని రెండు దేశాలో వ్యాపారం చేసుకోవడానికి అంతకంటే తెలివైన ఏర్పాటు ఆ కాలంలో మరొకటి లేదని ఇప్పటికీ నమ్ముతాను.

కానీ దానిలోనే బలహీనత కూడా దాగి ఉంది. సోవియట్ యూనియన్‌లో విదేశీ వ్యాపారం పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉండేది. మన కొనుగోలుదారు ఒక్కడే. ఆ సంస్థ ప్రతినిధులు వచ్చి నమూనాలు చూసి, రకాలు నిర్ణయించి, పరిమాణం రాసుకుని వెళ్లేవాళ్లు. మన పని సరుకు గ్రేడింగ్ చేసి, రీడ్రైయింగ్ చేసి (అంటే తేమ సరిచేసేలా మళ్లీ ఆరబెట్టి), బేళ్లు కట్టి ఓడరేవుకు చేర్చడంతో అయిపోయేది. అక్కడ ఆ పొగాకు ఏ ఫ్యాక్టరీకి వెళ్తుందో, ఎవరు కాలుస్తారో, వాళ్లకు ఏం నచ్చుతుందో, ఏం నచ్చదో మన వాళ్లకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరమే రాలేదు. గుంటూరు నుంచి సరుకు వెళ్లింది కానీ మనిషి వెళ్లలేదు.

1991 డిసెంబరులో ఆ దేశం ముక్కలైంది. ఆ ఒక్క కొనుగోలుదారు లేకుండా పోయాడు. ఆ శీతకాలం తర్వాత గోదాముల్లో బేళ్లు కదల్లేదు. బ్యాంకులు అప్పుల గురించి అడగడం మొదలుపెట్టాయి. వ్యాపారుల నష్టం గురించి పత్రికలు రాశాయి. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది మాత్రం గ్రేడింగ్ పనికి వచ్చే ఆడవాళ్ల పరిస్థితి. గుంటూరు, చిలకలూరిపేట, చీరాల, ఒంగోలు ప్రాంతాల్లో వేలాది కుటుంబాలు ఆ సీజను పని మీదే ఆధారపడి బతికాయి. మాస్కోలో జెండా మారితే తమకు కూలి ఎందుకు లేదో వాళ్లకు వివరించి చెప్పగలిగినవాళ్లు లేరు. దౌత్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ ఆడవాళ్లను లెక్కలోకి తీసుకోని వాదన ఏదీ నాకు సంపూర్ణంగా అనిపించదు. (పొగాకు ఆరోగ్యానికి చేటని నాకు తెలుసు. ఆ పంట తగ్గాలనే కోరుకుంటాను. కానీ పంట తగ్గించడం వేరు, ఒక్క రాత్రిలో పని పోవడం వేరు.)

ఆ తర్వాత లెక్కలు తేల్చుకోవడానికి 1993 జనవరిలో యెల్త్సిన్ ఢిల్లీ వచ్చినప్పుడు ఒప్పందం జరిగింది. మనం సోవియట్ యూనియన్‌కు బాకీ ఉన్న మొత్తంలో 63 శాతం 12 ఏళ్లలో, మిగిలిన 37 శాతం వడ్డీ లేకుండా 45 ఏళ్లలో తీర్చాలని నిర్ణయించారు. తీర్చిన రూపాయలతో రష్యా మళ్లీ మన సరుకులే కొనాలి. అందుకే టీకీ, పొగాకుకీ ఆ దేశంలో కొంత ఊపిరి మిగిలింది. అయితే ఈసారి రూపాయలను రష్యా వేలం వేసేది, వాటిని పాడుకున్న ప్రైవేటు సంస్థలు లాభం చూసుకుని కొనేవి. పాత రోజుల్లోలా ఏ రకం పంపినా ఎవరో ఒకరు తీసుకుంటారన్న భరోసా పోయింది. 2000–01లో మన రాష్ట్రంలో పొగాకు రైతులు ఒక ఏడాది పంట విరామం పాటించవలసి వచ్చిందంటే, ఒక్క మార్కెట్‌ను నమ్ముకున్న పంట కోలుకోవడానికి ఎంత కాలం పడుతుందో ఊహించుకోండి.

ఇప్పుడు రెండో ఉదాహరణ. ఇది మన తాడేపల్లి నుంచి మొదలవుతుంది.

1960లలో సోవియట్ సాయంతో హైదరాబాద్ సనత్‌నగర్‌లో ప్రభుత్వ రంగ సంస్థ ఐడీపీఎల్ మందుల కర్మాగారం వచ్చింది. రిషీకేశ్‌లో మరొకటి. అప్పటిదాకా మనం మందులకు విదేశీ కంపెనీల దయమీద బతికాం. ఆ కర్మాగారంలో వందలాది యువ రసాయన శాస్త్రవేత్తలు పని నేర్చుకున్నారు. వాళ్లలో తాడేపల్లి పసుపు రైతు కొడుకు, గుంటూరు ఏసీ కాలేజీలో చదివిన కల్లం అంజిరెడ్డి ఒకరు. ఆయన తర్వాత బయటకు వచ్చి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఐడీపీఎల్ మాత్రం నష్టాల్లో కూరుకుపోయి 1992లో ఖాయిలా పడ్డ సంస్థగా ప్రకటితమైంది. కర్మాగారం పోయింది, అందులో నేర్చుకున్న మనుషులు మిగిలారు, ఆ మనుషులే హైదరాబాద్‌ను మందుల రాజధాని చేశారు. సోవియట్ యూనియన్ మనకిచ్చిన వాటన్నిటిలోకీ విలువైనది భిలాయ్ కాదు, ఈ విద్యే అని నా నమ్మకం.

పొగాకు వ్యాపారం కూలిన ఆ రోజుల్లోనే, 1990ల మొదట్లో, డాక్టర్ రెడ్డీస్ రష్యాలో అడుగుపెట్టింది. పాత పద్ధతిలో ప్రభుత్వ ఆర్డరు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. అక్కడ కార్యాలయం పెట్టింది, రష్యన్ మాట్లాడే ప్రతినిధులను నియమించుకుంది, వాళ్లు ఊరూరా డాక్టర్లనూ మందుల దుకాణాలనూ కలిశారు. ఒమెజ్, నైస్, కెటోరాల్ అనే పేర్లు అక్కడి సాధారణ కుటుంబాలకు తెలిసిన పేర్లయ్యాయి. 1998 ఆగస్టులో రూబుల్ కుప్పకూలినప్పుడు రష్యాలో అమ్ముకునే వాళ్లందరికీ దెబ్బ తగిలింది. అయినా కంపెనీ ఆ మార్కెట్‌ను వదల్లేదు, కోలుకుంది. 2020లో రష్యా కరోనా టీకా స్పుత్నిక్‌-వి భారత్‌కు రావలసి వచ్చినప్పుడు భాగస్వామిగా ఎంచుకున్నది ఈ కంపెనీనే. 2021 మే నెలలో మన దేశంలో ఆ టీకా మొదటి డోసు వేసింది హైదరాబాద్‌లో. ఒక దేశం అరవై ఏళ్ల కిందట నేర్పిన విద్య మందులుగా ఆ దేశానికి వెళ్లి, ఆ పరిచయం మీద టీకా తిరిగి ఇక్కడికి వచ్చింది.

రెండూ ఒకే దేశంతో, ఒకే కాలంలో జరిగిన వ్యాపారాలు. రెంటికీ తేడా ఎక్కడుంది? పొగాకు దగ్గర ఒకే కొనుగోలుదారు, ఒకే చెల్లింపు దారి, మన తరఫు మనిషి అక్కడ ఒక్కడూ లేడు. మందుల దగ్గర లక్షల మంది కొనుగోలుదారులు, అక్కడే నివసించే ఉద్యోగులు, పేరున్న సరుకు. మొదటిది ప్రభుత్వాల స్నేహంతో పుట్టి ఆ స్నేహితుడితోపాటే పోయింది. రెండోది కూడా ప్రభుత్వాల స్నేహంతోనే పుట్టింది, ఈ సంగతి మరచిపోవద్దు. కానీ ఆ తర్వాత సొంత కాళ్ల మీద నిలబడింది. మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం ఇక్కడుంది: ప్రభుత్వాలు తలుపు తెరవాలి, లోపలికి మాత్రం మనుషులు వెళ్లాలి.

ఈ కళ్లజోడుతో నేటి పరిస్థితి చూడండి. 2021–22లో రెండు దేశాల వ్యాపారం సుమారు 1,300 కోట్ల డాలర్లు. 2024–25 నాటికి అది 6,870 కోట్ల డాలర్లకు చేరింది. 2030కల్లా 10,000 కోట్ల డాలర్లు లక్ష్యం అంటున్నారు. వినడానికి బాగుంది. లోపల చూస్తే, ఆ 6,870 కోట్లలో మనం కొన్నది దాదాపు 6,384 కోట్లు, అమ్మింది 488 కోట్లు మాత్రమే. పెరిగినదాంట్లో ఎక్కువ భాగం ముడి చమురే. యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా రెండు శాతం కూడా లేదు, ఆ తర్వాత మూడో వంతు దాటింది. మన ఎగుమతులు ఆ మూడేళ్లలో 325 కోట్ల నుంచి 488 కోట్లకు పెరిగాయి, అంతే.

దీన్ని బలమైన బంధం అనలేను, పెద్ద కొనుగోలు అంటాను. చమురు ధరలో రాయితీ పోతే, లేదా ఆంక్షలు బిగిస్తే ఈ అంకె ఎంత వేగంగా పెరిగిందో అంతే వేగంగా తగ్గుతుంది. ఇందులోంచే రూపాయి చిక్కు కూడా వచ్చింది. 2022 జూలై 11న రిజర్వ్ బ్యాంక్ విదేశీ బ్యాంకులు ఇక్కడ ప్రత్యేక వోస్ట్రో ఖాతాలు (మన బ్యాంకుల్లో వాళ్ల పేరున ఉండే రూపాయి ఖాతాలు) తెరిచి రూపాయల్లో లావాదేవీలు జరుపుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. పాత రూపాయి వ్యాపారం తిరిగి వచ్చినట్టే. కానీ పాత రోజుల్లో వాళ్లు ఆ రూపాయలతో మన సరుకు కొనేవాళ్లు. ఈసారి కొనడానికి వాళ్లకు కావలసినంత సరుకు మనం చూపలేకపోయాం. 2023 మేలో గోవా సమావేశానికి వచ్చిన రష్యా విదేశాంగ మంత్రి లావ్‌రోవ్, మన బ్యాంకుల్లో వందల కోట్ల రూపాయలు పేరుకుపోయాయని, వాటిని వాడుకునే దారి కావాలని బహిరంగంగానే అన్నారు. 2025 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ ఆ మిగులును కేంద్ర ప్రభుత్వ బాండ్లలో పెట్టుకోవచ్చని అనుమతించింది. బ్యాంకులకు అది మంచి వెసులుబాటు. రైతుకు దానివల్ల ఏమీ లేదు. ఆ రూపాయలు బాండ్లలోకి వెళ్లడం కంటే భీమవరం రొయ్యల్లోకి, అరకు కాఫీలోకి, దుగ్గిరాల పసుపులోకి రావాలి. మన ఎగుమతిదారులు చేయవలసిన పని అంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

రెండు దేశాల సంబంధం ఎప్పుడూ రెండు దేశాల మధ్యే ఉండదు, ఇది కూడా మన కోస్తా రైతు అనుభవంతోనే చెబుతాను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద ముందు 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురు కొంటున్నామన్న కారణం చెప్పి ఆగస్టు 27 నుంచి మరో 25 శాతం కలిపింది. అమెరికాకు వెళ్లే భారత రొయ్యల్లో ఎక్కువ భాగం మన ఆంధ్రవే. చమురు ఎక్కువగా వచ్చింది గుజరాత్ రేవులకు, దెబ్బ తగిలింది గోదావరి, కృష్ణా జిల్లాల చెరువులకు. రష్యా చమురు కొనడం తప్పని నేను అనను. దేశానికి చవకగా ఇంధనం కావాలి, ఎవరి దగ్గర కొనాలో నిర్ణయించుకునే హక్కు మనకుంది. అయితే ఆ నిర్ణయం ధరను చెల్లించిన రైతుకు ఆ దేశంలోనే మార్కెట్ ఇప్పించే బాధ్యత కూడా ఢిల్లీ మీద ఉంటుంది. చమురు ఒప్పందం కూర్చుని రాసేటప్పుడే "మీరు మా రొయ్యల యూనిట్లకు అనుమతులు ఇన్ని నెలల్లో ఇవ్వండి" అని అడిగే గొంతు ఆ గదిలో ఉండాలి. మన రాష్ట్ర ప్రభుత్వం ఆ గొంతు కావాలి.

మరో చిన్న సంఘటన. 2024 ఆరంభంలో ఎక్వడార్ తన దగ్గరున్న పాత సోవియట్ ఆయుధ సామగ్రిని అమెరికాకు ఇస్తానంది. వెంటనే రష్యా, ఎక్వడార్ అరటిపళ్లలో పురుగు కనిపించిందని ఐదు కంపెనీల నుంచి దిగుమతి ఆపేసింది. వాటికి బదులు భారత్ నుంచి అరటిపళ్లు కొంటామంది. ఎక్వడార్ వెనక్కి తగ్గగానే ఆ కంపెనీలకు మళ్లీ దారి తెరుచుకుంది. మన అరటికి దక్కిన అవకాశం ఎంత సన్నటి దారం మీద వేలాడిందో చూడండి. మొక్కల ఆరోగ్య పరీక్ష అనేది రైతుకు ప్రయోగశాల వ్యవహారంలా కనిపిస్తుంది, దేశాలకు అది చేతిలో ఉండే కొరడా. అందుకే నాయకుల పర్యటనల కంటే ఇలాంటి పరీక్షల నియమాల మీద ముందే కుదుర్చుకునే లిఖిత ఒప్పందాలు నా దృష్టిలో విలువైనవి. 2019లో చైనాతో మన పొగాకుకూ, మిర్చి సారం తీశాక మిగిలే పిప్పికీ (చిల్లీ మీల్) అలాంటి ఒప్పందాలు వేర్వేరుగా కుదిరాయి. సరిహద్దులో ఏ గొడవ జరిగినా నియమం కాగితం మీద ఉంది కాబట్టి పట్టుకుని అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

రష్యా విషయంలో ఈ కాగితం కుదరవలసింది యూరేషియా ఆర్థిక సంఘంతో. రష్యా, బెలారస్, కజకిస్తాన్, ఆర్మేనియా, కిర్గిజిస్తాన్ కలిసి ఒకే సుంకాల కూటమిగా ఉన్నాయి. ఆ కూటమితో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చర్చలకు 2025 ఆగస్టు 20న మాస్కోలో మన ప్రభుత్వం విధివిధానాల పత్రం మీద సంతకం చేసింది. మంచి అడుగు. కానీ వియత్నాం అదే కూటమితో 2015లోనే ఒప్పందం చేసుకుంది, 2016 నుంచి అమలులో పెట్టింది. రొయ్యలూ చేపలూ అమ్మడంలో మనకు నేరుగా పోటీ వియత్నామే. అక్కడ మనం పదేళ్లు వెనుకబడి పరుగు మొదలుపెడుతున్నాం.

రవాణా గురించి రెండు మాటలు చాలు. చెన్నై నుంచి వ్లాదివోస్తోక్‌కు సముద్రమార్గం సుమారు 10,300 కిలోమీటర్లు. సూయజ్ మీదుగా ముంబయి నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు సుమారు 16,000. దగ్గరి దారి మన తూర్పు తీరానికి లాభమే. అయితే చమురు తెచ్చే ట్యాంకరులో రొయ్యలు తిరిగి పంపలేం కదా. కంటైనర్లు రెండు వైపులా నిండితేనే ఆ దారిలో కిరాయి తగ్గుతుంది, కిరాయి తగ్గితేనే చిన్న ఎగుమతిదారు నిలుస్తాడు.

ఇక మనుషుల సంగతి. నా తరం వాళ్లకు రష్యా అంటే ముందు గుర్తొచ్చేది పుస్తకాలు. విజయవాడ విశాలాంధ్ర దుకాణంలో చవక ధరకు నున్నటి కాగితం మీద అచ్చయిన తెలుగు పుస్తకాలు దొరికేవి. మన తెలుగు అనువాదకులు మాస్కోలో ఉద్యోగాలు చేస్తూ వాటిని తయారుచేశారు. పల్లెటూరి పిల్లలు కూడా మంచు, గుర్రపుబండి, బిర్చి చెట్టు గురించి చదువుకున్నారు. ఆ అభిమానం నిజమైనది, నాలో ఇప్పటికీ ఉంది. కానీ అది ఒక వైపే నడిచింది. వాళ్లు తమ సాహిత్యాన్ని మన భాషలోకి తెచ్చినంత పట్టుదలగా మనం మనదాన్ని వాళ్ల భాషలోకి పంపలేదు. డబ్బు ఆగిన రోజు పుస్తకాలూ ఆగిపోయాయి.

ఇప్పుడు ఆ స్థానంలో మన పిల్లలున్నారు. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల "రష్యాలో ఎంబీబీఎస్" బోర్డులు మీరూ చూసే ఉంటారు. ఆ చదువుకు 2021 నవంబరు నియమాల ప్రకారం కనీసం 54 నెలల కోర్సు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆంగ్ల మాధ్యమం ఉండాలి. తిరిగి వచ్చాక ఇక్కడి అర్హత పరీక్ష నెగ్గాలి. నెగ్గలేక ఇళ్లలో కూర్చున్న పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్లను చూస్తే గుండె తరుక్కుపోతుంది. వాళ్లకు రష్యన్ వచ్చు, అక్కడి ఊళ్లు, అలవాట్లు, ఆసుపత్రులు తెలుసు. ఇన్నేళ్లూ మన ఎగుమతులకు లేనిది సరిగ్గా ఈ జ్ఞానమే. మందులు, ఆసుపత్రి పరికరాల కంపెనీలు, రొయ్యల ఎగుమతిదారులు వీళ్లను వెతికి ఉద్యోగాలివ్వాలి. మీ కాలేజీవాళ్లు అలాంటి ఒక జాబితా తయారుచేసినా చాలు, అది ప్రభుత్వ ప్రతినిధి బృందం చేసేదానికంటే ఎక్కువ మేలు చేస్తుంది.

అదే సమయంలో ఒక చేదు నిజం కూడా చెప్పాలి. సహాయకుల ఉద్యోగమని నమ్మించి తీసుకెళ్లి, మన యువకులను యుద్ధరంగంలోకి నెట్టిన ఉదంతాలు 2024లో బయటపడ్డాయి. చనిపోయినవాళ్లలో ఒక హైదరాబాద్ యువకుడూ ఉన్నాడు. ఆ ఏడాది జూలైలో ప్రధాని మాస్కోలో ఈ విషయం లేవనెత్తవలసి వచ్చింది. 2025 నవంబరులో కజాన్, యెకతెరీన్‌బర్గ్ నగరాల్లో మన కాన్సులేట్లు తెరిచారు. విద్యార్థులకూ కార్మికులకూ అవి అవసరం. ఆ కార్యాలయాల్లో ఒక తెలుగు వచ్చిన ఉద్యోగిని పెట్టమని మన ఎంపీలు అడగాలి. ఒక తల్లి గుంటూరు నుంచి ఫోను చేస్తే అర్థం చేసుకుని జవాబు చెప్పే మనిషి అక్కడ లేకపోతే, ఆ బంధాన్ని నేను స్నేహమని పిలవను.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందుగా, మన దగ్గర ఏముందో అది అమ్మాలని వెళ్లకండి. గుంటూరు యార్డుకు రోజూ వచ్చే తేజ మిర్చి టిక్కీలు (బస్తాలు) చూసి రష్యాకు మిర్చి పంపుదామని నా దగ్గరికి వచ్చిన కుర్రవాళ్లున్నారు. రష్యన్ల తిండిలో అంత కారం లేదు. తేజకు చైనా, ఆగ్నేయాసియా దేశాలు ఉన్నాయి, దాన్ని అటే పోనివ్వండి. రష్యాకు రంగు కోసం వాడే మిర్చి సారం, పసుపు, ఇన్‌స్టంట్ కాఫీ, శుభ్రం చేసి ఘనీభవింపజేసిన రొయ్యలు, చీమకుర్తి గ్రానైట్, మందులు సరిపోతాయి. అరటి పంపాలంటే మన లంక గ్రామాల చక్కెరకేళి కాదు, పొడుగ్గా ఒకే కొలతలో ఉండే కావెండిష్ రకం కావాలి.

ఒకే సరుకు ఎంచుకుని దాని నియమాలు పూర్తిగా చదవండి. ఆహార పదార్థాలకు ఆ కూటమి నియమావళి టీఆర్ టీఎస్ 021/2011, లేబుళ్లకు 022/2011. లేబులు రష్యన్‌లో ఉండాలి, సరుకు ఆ కూటమి నియమాలకు సరిపోతుందని చూపే ఈఏసీ గుర్తు ఉండాలి. రొయ్యల యూనిట్లకైతే రష్యా పశువైద్య పర్యవేక్షణ సంస్థ అనుమతి ముందే కావాలి, యూనిట్ పేరు వాళ్ల జాబితాలో లేకపోతే ఓడ ఎక్కించి ప్రయోజనం లేదు. సుగంధ ద్రవ్యాలకు గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ప్రయోగశాల ఉంది. అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం), పురుగుమందుల అవశేషాల పరీక్ష సరుకు కొనే ముందే చేయించండి, కొన్నాక కాదు. సరుకు రేవుకు చేరాక పరీక్షలో తేడా వస్తే ఆ నష్టం భరించే స్తోమత కొత్తవాళ్లకు ఉండదు.

రష్యన్ నేర్చుకోండి. మాట్లాడటం తర్వాత, ముందు లిపి చదవడం వస్తే చాలు. లేబులు మీద తప్పు మీరే పట్టుకోగలుగుతారు.

అన్నిటికంటే జాగ్రత్త డబ్బు విషయంలో. అక్కడి కొనుగోలుదారు ఎంత మంచివాడన్నది తర్వాత చూడండి, అతని బ్యాంకు ఏదో ముందు అడగండి. ఆ బ్యాంకు ఆంక్షల జాబితాలో ఉందో లేదో, దానికి మన దేశంలో ఏ బ్యాంకులో వోస్ట్రో ఖాతా ఉందో మీ బ్యాంకు విదేశీ మారక విభాగంలో లిఖితపూర్వకంగా తెలుసుకోండి. బ్యాంకులకు అమెరికాతో లావాదేవీలు ఎక్కువ కాబట్టి రష్యా పేరు వినగానే వెనకాడే మేనేజర్లు ఉంటారు, వాళ్ల భయం అర్థం లేనిది కాదు. ఒక బ్యాంకు కాదంటే మరొకటి అడగాలి. వీలైతే రూపాయల్లోనే బిల్లు వేయండి, వాళ్ల ఖాతాలో రూపాయలు ఉన్నాయి కాబట్టి బేరంలో మీకు కొంత పట్టు ఉంటుంది. మొదటి సరుకుకు కొంత ముందస్తు చెల్లింపు తీసుకోండి, మిగిలినదానికి ఈసీజీసీ (ఎగుమతుల డబ్బుకు బీమా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) బీమా తీసుకోండి. పాలసీ తీసుకునేటప్పుడు ఆంక్షల వల్ల డబ్బు ఆగిపోతే వర్తిస్తుందా లేదా అన్నది తప్పకుండా చదవండి, చాలామంది ఆ పేజీ దాకా వెళ్లరు.

మీరు ఏ సరుకు ఎంచుకున్నారో, మొదటి విడత ఎంత పరిమాణం అనుకుంటున్నారో రాయండి. దానికి ఏ పత్రం ముందు, ఏది తర్వాత తీసుకోవాలో వరసగా చెబుతాను.